1895 డాలరుకి బాబాయి వైద్యం

మా ఎమిల్ బాబాయి చూపుడువేలితో ముక్కు పక్క మడతలో గట్టిగా రుద్దుకుని, అదే వేలిని 1895 వెండి డాలరు మీద మెత్తగా పులిమాడు. ఆ టైంలో నా నోట్లో బంగాళదుంప కూరిన పిరోగీ ముక్క ఉంది. దాన్ని కాగితంలోకి ఉమ్మేశాను.

"ఛీ! ఏంటి బాబాయ్ ఇది?"

"వైద్యం," అన్నాడు వేలు ప్యాంటుకి తుడుచుకుంటూ. "ఎవడో వెధవ దీన్ని గుడ్డతో తుడిచి సన్న గీతలు పెట్టాడు. ముక్కు జిడ్డు వాటిలోకి దిగిందంటే ఇక కనపడవు. మీ తాత నేర్పిన విద్యే లిడియా, ఎగతాళి చెయ్యకు."

నిజంగానే కనపడలేదు. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం ఊడి, బాబాయి నాణేల కొట్లో ఫొటోలు తీసుకుంటున్నాను నేను. నా కెమెరాకి కూడా దొరకనంత శుభ్రంగా ఉంది పని.

"కొనేది ఓపల్ ఆంటీ కదా?"

"అయితే?"

బాబాయి చిన్నప్పటి నుంచి నా చదువయ్యేదాకా మా స్కూలు బస్సు నడిపింది ఓపల్ ఆంటీయే. 1878 నుంచి 1904 దాకా, ఆ తర్వాత 1921, ఒకే టంకశాలలో కొట్టిన వెండి డాలర్లు ఏడాదికొకటి చొప్పున ఆల్బంలో పేర్చుకుంది. 1895 దగ్గర మాత్రం గుండ్రటి కన్నం. ఆ టంకశాలలో ఆ ఏటివి అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టినవే ఉన్నాయి, అవీ వెయ్యికి లోపే. ఆ కన్నం పూడ్చడానికని ఆవిడ, పోయిన మొగుడి పడవా ట్రక్కూ రెండూ అమ్మేసింది. గీతలు పడ్డదానికి గీతల్లేని ధర కట్టిందంటే ఆ రెండూ ముక్కు జిడ్డులో మునిగినట్టే.

మధ్యాహ్నం ఆల్బం పసిపిల్లలా పొదువుకుని వచ్చింది. బాబాయి దండకం అందుకున్నాడు. "1873లో వెండి డాలర్ని ఆపేశారు. 1878లో మళ్ళీ కొట్టారు. 1918లో కోట్లకొద్దీ కరిగించారు. అన్నీ తప్పించుకుని నీ కోసం వచ్చిందిది!"

"నీ పురాణం తర్వాత. ముందు నాణెం ఇటియ్యి."

భూతద్దం పెట్టి చూసింది. "ఎంత నున్నగా ఉందో! మా ఆయన మిలాన్ చూసుంటే బావుండేది."

చెక్కుబుక్కు తీసింది. నా వల్ల కాలేదు. "ఒక్క నిమిషం ఆంటీ, ఫొటోకి ముందు కడగాలి," అంటూ నాణేన్ని జిడ్డు కరిగించే అసిటోన్ గిన్నెలో వేసేశాను.

"వద్దే!" అని బాబాయి అరిచేసరికే జిడ్డు కరిగిపోయింది. తీసి దీపం కింద పెట్టాను. నాణెం మీది ఆడమనిషి బుగ్గంతా పిల్లి రక్కినట్టుంది.

"ఏంటిది?"

"గీతలు ఆంటీ. బాబాయి తన ముక్కు జిడ్డు పూసి దాచాడు."

బాబాయి ముఖం ఎర్రబడింది. "మా అన్న కూతురివా, పోలీసువా?"

"దాన్నెందుకంటావ్?" అంది ఓపల్ ఆంటీ. "బస్సులో కూడా ముక్కులో వేలు పెట్టుకునే కూర్చునేవాడివి. పెద్దయినా బుద్ధి రాలేదు! మూడో వంతు తగ్గించు. లేదంటే శనివారం నాణేల క్లబ్బులో నీ ముక్కు చరిత్ర చదువుతా."

బాబాయి గొణిగాడు, సణిగాడు, చివరికి తగ్గించాడు. ఆవిడ చెక్కు రాసిచ్చి నన్ను కావలించుకుంది. "బంగారు తల్లివే." ఈ కొట్లో ఒక్క మంచి పని చేశాననుకుని పొంగిపోయాను.

ఆవిడ మాత్రం నాణేన్ని కన్నంలో పెట్టలేదు. దీపం కింద అటూ ఇటూ తిప్పింది.

"శనివారం క్లబ్బులో ఆల్బంల పోటీ. జడ్జీగా వచ్చే ఆ లెస్టర్ గాడు ప్రతి పేజీ నాకినట్టు చూస్తాడు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎమిల్, మళ్ళీ పూసివ్వు."

"ఏది?"

"అదే. నీ వైద్యం."

బాబాయి ముక్కు తడుముకున్నాడు. "ఇందాకే అయిపోయింది ఓపల్. పొడిగా ఉంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"పిల్ల ముక్కు చూడు, ఎలా మెరుస్తోందో," అంది ఓపల్ ఆంటీ. "రామ్మా, ఒక్క వేలు. తప్పేముంది?"

లోపలికెళ్ళి గిన్నెలు తోమే సబ్బుతో ముఖం చర్మం మండేదాకా కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి ఓపల్ ఆంటీ నా కెమెరా అద్దంలో చూసుకుంటూ తన ముక్కే రుద్దుకుంటోంది.