మిషను వణుకు

కుట్టుమిషను బెల్టు కనబడక తండ్రి ఇల్లంతా గాలించాడు. తీరా చూస్తే అది ఏడేళ్ళ కూతురి బడి సంచిలో దొరికింది.

"ఏమే పిడుగూ, దీంతో బళ్ళో ఏం కుడతావే?" అన్నాడు నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. "మళ్ళీ తగిలించకు నాన్నా. అమ్మ చేతులకి వణుకు దాన్నుంచే వచ్చింది. గౌను కావాలని నేనే అమ్మ ప్రాణం తీశా. రోజంతా ఆ గడగడలాడే మిషను మీదే చేతులు పెట్టుకు కూర్చుంది."

వీధిలో సగం మందికి బట్టలు కుట్టిన ఇల్లాలు ఇప్పుడు సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. ఈ జబ్బు నయమయ్యేది కాదనీ, పోనుపోను ముదురుతుందనీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి పిల్లకెలా చెప్పాలో తెలియక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇన్నాళ్ళూ నెట్టుకొస్తున్నారు.

తండ్రి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీ గౌను వల్ల కాదు తల్లీ, మిషను వల్లా కాదు. అది అమ్మకొచ్చిన జబ్బు. అందులో నీ తప్పేం లేదు."

"మరి మిషను ఆపినా తగ్గలేదేం?"

"అదే చెబుతున్నానమ్మా..."

పిల్ల ఇల్లంతా కలయజూసింది. "ఫ్రిజ్జు కూడా వణుకుతుందిగా నాన్నా? దాన్నీ ఆపేద్దామా?"

"ఏది ఆపినా..." అని తండ్రి ఆగిపోయాడు. మిగతా మాట కోసం పిల్ల అతని నోటివంకే చూస్తూ నిలబడింది.