గోగ్రాసం

పురుషోత్తంగారు ఆవు మెడను రెండు చేతులా పొదివి పట్టుకొని నిలుచున్నారు. ఎడమ డొక్క గొరిగి, మత్తుసూది వేసి, కోత పెట్టిన డాక్టరమ్మ ఆలియా భుజం దాకా చేయి లోనికి పోనిచ్చి వెలుపలికి లాగింది. గడ్డి రాలేదు. పేడనీరు ఓడుతూ, నల్లగా జిగటగా, పేనిన తాళ్లలాగా ప్లాస్టిక్ సంచులు వచ్చాయి.

"ఇదేంటండీ డాక్టరుగారూ! నా ఆవు కిరాణాకొట్టు మింగేసిందా?" అన్నాడు ఆవు గల గంగరాజు. నవ్వబోయాడు గాని పెదవులు సాగలేదు. ఏలూరు తంగెళ్లమూడిలో అతని జీవనమంతా ఈ ఒక్క పాడి మీదనే. మేత మానేసిన ఆవు పొట్ట మాత్రం ఉబ్బుతూ వచ్చింది.

"సాయంత్రానికి నెమరు వేస్తే బతికినట్టేనండి. వెయ్యకపోతే నేను చెయ్యగలిగింది లేదు" అంది ఆలియా.

పురుషోత్తంగారు సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆ వీథిలోనే మేడ మీద కాపురం. వారి ఇల్లాలు శ్యామల నిత్యం గోమాతకు తొలిముద్ద పెట్టనిదే మెతుకు ముట్టేది కాదు. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేని నాడు కూడా ఆ నియమం తప్పలేదు. అన్నం నేలపాలు కారాదు, మడి చెడరాదు. అందుచేత ముద్దను సంచిలో పెట్టి, బిగించి ముడివేసి, బాల్కనీలో నుంచి ఆవు ముందర పడేటట్లు విడిచేది. ఆవు సంచితో సహా మింగేది. "పాపం, ఎంత ఆకలితో ఉందో చూశారా!" అని ఆమె మురిసిపోయేది. నిరుడు ఆమె కాలం చేసింది. పురుషోత్తంగారికి కన్నీరు రాలేదు. సంధ్య వార్చడం, గోగ్రాసం జారవిడవడం, అంతవరకే వారి దినం. తక్కిన పొద్దు ఎట్లు గడుస్తున్నదో వారికే తెలియదు.

ఆలియా సంచులను గోనె మీద పరచింది. చాలావాటికి ముడి ఊడిపోయింది. ఒకే ఒక్క మెలిక పెట్టి వదిలిన ఆ సంచులు తాము కట్టినవేనని వారు గుర్తుపట్టారు. కొన్నింటికి మాత్రం ముడి చెక్కుచెదరలేదు. చెవులు రెండూ కలిపి, లోపలికి మడిచి, తిరిగి బిగించిన ముడి. పూలదండ కొసన శ్యామల వేసే ముడి అది. చితి మీద ఆమె దేహం కాలింది, అస్థికలు గోదావరిలో కలిశాయి. ఇది మాత్రం మిగిలింది.

"ఎవరండీ ఇంత గట్టిగా కట్టి పడేసింది?" అంది డాక్టరమ్మ.

"నేనే కట్టానమ్మా. అన్నీ నేనే." పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి ఆడారు. ఆడిన తరువాత గుండె కొట్టుకొంటుందేమోనని ఒక క్షణం చూశారు. ఏమీ కాలేదు.

గంగరాజు తేరిపార చూశాడు. "మీరా మాస్టారూ? మీ పంచె ముడే మధ్యాహ్నం దాకా నిలవదు కదండీ! అమ్మగారి ముడులవి. నాకు తెలవదేంటండీ? కిందపడినయ్యి దాని నోటికి అందించింది నేనేగా. ఒక పూట దాణా మిగిలిందనుకొనేవోణ్ణి."

ఆలియా కుట్లు వేయడం ముగించి, "వీటినేం చేద్దామండీ?" అని అడిగింది.

"తమ్మిలేట్లో పారేస్తాలెండి" అన్నాడు గంగరాజు.

"తమ్మిలేరు పోయి కలిసేది కొల్లేట్లోనే కదండీ. అక్కడ పక్షులు తింటాయి. తగలబెడితే ఆ పొగ మనం పీలుస్తాం. పూడ్చిపెట్టినా ఎప్పటికీ చివకవు."

దేనిని నీట విడవాలో, దేనిని అగ్నికి ఇవ్వాలో, దేనిని మట్టికి అప్పగించాలో పురుషోత్తంగారు ఊరందరికీ చెబుతూ వచ్చినవారు. ముడి ఊడని సంచి ఒకటి అందుకొని అరుగు మీద కూర్చున్నారు. డాక్టరమ్మ కత్తెర చాపితే వద్దని తల ఊపారు. గోటితో మెల్లగా ముడి వదులు చేశారు. పొద్దు వాలుతుండగా అది వీడింది. లోపల నల్లబడిన ముద్ద, ముక్కు పగిలే వాసన. దానిని చెట్టు పాదులో కుమ్మరించి, సంచిని తొట్టి దగ్గర కడిగారు. కడిగిన తరువాత దానిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మాస్టారూ! ఇటు రండి!" గంగరాజు కేక.

ఆవు దవడలు కదులుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ కదులుతున్నాయి. గంగరాజు దాని మూపు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. పురుషోత్తంగారు పక్కన నిలబడి చూశారు. సంతోషించవలసిన సమయమిదని వారికి తెలుసు.

గంగరాజు కళ్లు తుడుచుకొని, "నాలుగు రోజులు పోనిచ్చి పెడుదురు గానీండి, అమ్మగారి ముద్ద" అన్నాడు.

"పెడతాను. మెట్లు దిగి వస్తాను."

తడి సంచిని చేతిలోనే పట్టుకొని వారు ఇంటిదారి పట్టారు.