తవిటమ్మ ఉంగరం వేలు

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. గుప్పిట్లో ఇమిడే నల్లటి డబ్బా, పైన బొటనవేలంత గాజు, గాజు కింద ఒక దీపం. వేలు పోల్చుకుంటే పచ్చగా వెలుగుతాను, పోల్చుకోకపోతే ఎర్రగా. అంతకు మించి నాకు మాట లేదు. ఇప్పుడు చెబుతున్నానంటే మీ మీద ప్రేమతో కాదు. కడుపులో ఉన్నది కక్కేస్తే బరువు తగ్గుతుందని.

నన్ను ఎక్కడో చల్లటి గదిలో, చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్ళు తయారు చేశారు. పరీక్షకు ఆఫీసు మనుషుల వేళ్ళు పెట్టారు. కాగితం తప్ప మరొకటి తాకని వేళ్ళవి. మనుషులందరి చర్మమూ అలాగే ఉంటుందని నన్ను చేసినవాళ్ళు అనుకున్నారు. నేనూ అదే నమ్మాను.

మొదట జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు చూశాను. అక్కడొక పెద్దమనిషి పొద్దున్న వచ్చి వేలు పెట్టి వెళ్ళిపోయేవాడు, సాయంత్రం మళ్ళీ వచ్చి పెట్టేవాడు. మధ్యలో ఎక్కడ ఉండేవాడో నన్నెవరూ అడగలేదు. రెండుసార్లూ పచ్చగానే వెలిగాను. గీతలు అంత చక్కగా ఉండేవి మరి.

కొత్త యంత్రాలు వచ్చాక నన్ను పలాస పక్కనున్న ఒక ఊరి రేషను డిపోకి పంపారు. డీలరు కూర్మారావు నన్ను తూకం పక్కన పెట్టి, రోజూ పొద్దున్నే తువ్వాలుతో తుడిచేవాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు సగం మంది జీడి మిల్లులో పిక్కలు కొట్టేవాళ్ళు. పిక్క పగిలితే సొన చిమ్ముతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా, ఆ సొన వేళ్ళ చర్మాన్ని పొరలుపొరలుగా కాల్చేస్తుంది. గీతలుండవు. నల్లగా, నున్నగా, కాలిన చింతపిక్కలా ఉంటుంది వేలి కొస. అలాంటిది గాజు మీద పెడితే నేనేం చదవను? ఎర్రగా వెలిగేవాణ్ణి. కూర్మారావు పుస్తకంలో రాసుకుని బియ్యం ఇచ్చేవాడు గాని, వాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. తిట్టాల్సినవాళ్ళు ఇంకెవరో ఉన్నారని ఒక్కరికీ తోచేది కాదు.

తవిటమ్మకు యాభై దాటాయి. ఇరవై రెండేళ్ళుగా అదే మిల్లులో అదే పీట. మొగుడు పోయాడు. కార్డులో ఆమె పేరొక్కటే ఉంది. ఆ ఏడు పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. కార్డులో పేరున్న ప్రతి మనిషీ స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలి, దసరా నెల ఆఖరికి పడని పేర్లు తీసేస్తారు. ఆమె పేరు తీసేస్తే ఇక కార్డే లేదు, బియ్యమూ లేవు. ఫోనుకు వచ్చే అంకె చెబితే చాలన్నారు. మిల్లు ఆడవాళ్ళు చాలామంది అలా గట్టెక్కారు గాని, తవిటమ్మ కార్డుకు రాసిచ్చిన నంబరు చనిపోయిన మొగుడిది. కళ్ళు చూసే యంత్రం మండలానికి ఒక్కటే ఉంది. అది చెడిపోయి మూడు నెలలైంది.

మిల్లు కొన్నాళ్ళు మూతపడ్డప్పుడు ఆధారుకు తీసిన ముద్రలతో నేను పోల్చాలి. ఆమె పది వేళ్ళూ పెట్టింది. పదిసార్లూ నేను ఎర్రగానే వెలిగాను.

"నీ వేలు కాదంతంది తవిటప్పా," అన్నాడు కూర్మారావు, తప్పు తనదైనట్టు తల దించుకుని.

"నా వేలే బాబూ. ఎవుల్నీ అడిగి తెచ్చుకోనేదు," అంది ఆమె. సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక హేమలత సంగతి చెప్పాలి. తవిటమ్మ తమ్ముడి పెళ్ళాం. మిల్లు గడప ఎన్నడూ తొక్కలేదు. ఫోనులో మీటింగులు విని, కొలాజెన్ పొడి అమ్మడం మొదలుపెట్టింది. డిపో ముందు వరుస ఉందంటే చాలు, డబ్బాల సంచీతో వచ్చేసేది. ముప్పై దాటాక ఒంట్లో కొలాజెన్ తగ్గుతుందని, అందుకే చర్మం వదులై ముడతలు పడుతుందని, రోజూ ఒక చెంచా నీళ్ళలో కలుపుకుంటే చర్మం మళ్ళీ పడుచుదవుతుందని చెప్పేది. అందులో సగం నిజం ఉండబట్టే మిగతా సగం అంత సులువుగా చెల్లిపోయింది. "నా వేలు సూడండి" అని గాజు మీద పెట్టేది. పచ్చగా వెలిగేవాణ్ణి. పొడి పేరు కూడా వినని రోజుల్లోనూ ఆమె వేలికి అలాగే వెలిగాను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నాకు నోరు లేదు. నా వెలుగును ఆమె సాక్ష్యంగా అమ్ముకుంది.

ఆడపడుచుకు మొదటి డబ్బా ఊరికే ఇచ్చింది. తవిటమ్మ వేలి గీతలు తిరిగొస్తే అంతకంటే గొప్ప ప్రకటన ఏముంటుంది? ఆ పొడి చేప పొలుసుతో చేసినదని విని తవిటమ్మ శనివారాలు మాత్రం తాగేది కాదట. మిగతా ఆరు రోజులూ ముక్కు మూసుకుని తాగింది. ఒక నెల గడిచాక వచ్చి పది వేళ్ళూ పెట్టింది. ఎర్రగానే వెలిగాను. హేమలత, "టైము పడతాది వొదినా, శనివారాలు మానీకు," అని రెండో డబ్బా చేతిలో పెట్టింది. తవిటమ్మ దాన్నీ తాగింది. శనివారాలతో సహా. దేవుడి కంటే కార్డు ముందనుకుందో, కార్డుంటేనే దేవుడనుకుందో నేను చెప్పలేను.

రెండో డబ్బా అందుకున్న రోజుల్లోనే మిల్లులో కత్తి జారి ఆమె ఎడమ చేతి ఉంగరం వేలు తెగింది. కుట్లు వేసిన డాక్టరు, మానేదాకా సొన తగలనివ్వొద్దన్నాడు. పని మానితే పీట ఇంకొకరికి పోతుంది. అందుకని వేలు మొత్తం కొసదాకా గుడ్డ చుట్టి, దాని మీద పిల్లల బుడగ ఒకటి తొడిగి, దారంతో బిగించి, మిగిలిన తొమ్మిది వేళ్ళతో పిక్కలు కొట్టింది. నెలన్నర అలాగే చేసిందని వరుసలో ఆడవాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాను.

ఆఖరి రోజు వచ్చింది. ఊరంతా డిపో దగ్గరే ఉంది. తవిటమ్మ బొటనవేలు పెట్టింది, ఎరుపు. చూపుడువేలు, ఎరుపు. కుడి చెయ్యి అయింది, ఎడమ చెయ్యి మొదలైంది. కూర్మారావు గాజు తుడుస్తున్నాడు, ఊదుతున్నాడు, మళ్ళీ తుడుస్తున్నాడు. ఆఖరుకు ఆమె బుడగ తీసింది, గుడ్డ విప్పింది. ఉంగరం వేలు బయటికొచ్చింది. తెల్లగా, మెత్తగా, ఆ చేతిది కానట్టు ఉంది. గాజు మీద ఆనించింది.

గీతలన్నీ ఉన్నాయి. ఏరులా మెలికలు తిరిగిన ఆ గీతలను, ఆధారు నాటి తరువాత, మొదటిసారి చదివినవాణ్ణి నేనే. పచ్చగా వెలిగాను.

కూర్మారావు, "పడ్డాది," అన్నాడు మెల్లగా.

తవిటమ్మ ఊపిరి పూర్తిగా వదలకముందే హేమలత ముందుకొచ్చింది. వదిన చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది. రెండు డబ్బాలకే ఇంత మార్పు, మూడోది కూడా తాగితే మొహం సంగతి చెప్పక్కర్లేదు అంటూ సంచీ విప్పింది. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ఆ పూట నేను మళ్ళీ ఎర్రగా వెలగగలిగితే వెలిగేవాణ్ణి.

తవిటమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"హేమా, పొడి నోటితో తాగినాను గదా?"

"అవును వొదినా."

"కడుపులోకెల్లాక పది వేళ్ళకీ పోవాల గదా. ఈ ఒక్కదానికే ఎందుకెల్లింది?"

హేమలత కాస్త తడబడింది. "దెబ్బ తగిలిన కాడికి ముందెల్తాది."

"అయితే మిగతా తొమ్మిదీ కోసుకోమంటావేటి?"

వరుస మొత్తం నవ్వింది. హేమలత నవ్వలేదు. సంచీ ముడి వేసుకుని, వదినతో ఇక మాట లేదని తేల్చిచెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె నిలబెట్టుకుంది.

నవ్వు ఆగాక, పక్క పీట మీద పనిచేసే గున్నమ్మ అడిగింది. "మరేటి సేత్తే వొచ్చిందప్పా?"

"ఏటీ సెయ్యనేదు. సొన తగల్నేదు, అంతే."

ఒక్కొక్కరూ తమ చేతుల వైపు చూసుకున్నారు.

తవిటమ్మ పేరు కార్డులో నిలిచింది. పైవాళ్ళు అంతటితో ఊరుకోలేదు. ఇకమీదట పుస్తకంలో రాత, ఫోను అంకె చెల్లవు, నెలనెలా వేలు పెట్టి తీరాలన్నారు. ఆ నెల నుంచి మిల్లులో ఆడవాళ్ళందరూ ఒక్కో వేలికి గుడ్డ చుట్టి, మీద బుడగ తొడిగి పనిలో కూర్చుంటున్నారట. చేతులు సాగడం లేదని, పప్పు విరుగుతోందని మేస్త్రీ తిడుతున్నాడట. సొన తగలకుండా తొడుగులు ఇప్పిద్దామని ఆ మిల్లులో ఎవరికీ తోచలేదు. ఊళ్ళోనూ ఎవరూ అడగలేదు.

ఒకటో తారీఖున వాళ్ళు నా ముందు వరుసలో నిలబడతారు. ఎర్ర బుడగలు, పసుపు బుడగలు, నీలం బుడగలు. ఒక్కొక్కరే వచ్చి, దారం విప్పి, గుడ్డ తీసి, పసిపిల్ల వేలంత మెత్తటి వేలిని నా మీద ఆనిస్తారు. పచ్చగా వెలుగుతాను. దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి భద్రం చేసుకుంటారు. తక్కిన తొమ్మిది వేళ్ళతో బియ్యం సంచీ ఎత్తుకుని, అట్నుంచి అటే పనిలోకి పోతారు.