మగ్గం ఆగినప్పుడు

ఆండాళు సంచిలో ముందు పాత చీరెలు రెండు పెట్టింది సుగుణమ్మ. వాటిమీద రవికెలు, దువ్వెన, గుడ్డ చుట్టిన కొబ్బరినూనె సీసా. మళ్లీ అన్నీ తీసి సీసాను ఒక పక్కకు నిలబెట్టింది. అదీ నచ్చలేదు, మళ్లీ తీసింది. నూనె కారి బట్టలు పాడవుతాయేమోనని తనకు తాను చెప్పుకుంటున్నదిగాని అసలు భయం అది కాదని ఆమెకు తెలుసు. ఆండాళును తీసుకుపోవడానికి ఆ పిల్ల పెనిమిటి భిక్షపతి ఆ పొద్దే నారాయణపేట నుంచి వస్తున్నాడు. సంచి సర్ది ఉంచమని ఆశ్రయం కార్యదర్శి వెంకటరాజం నిన్ననే చెప్పి పోయాడు. మొగడు తప్పు ఒప్పుకున్నాక మనకింకేం పని, ఆడపిల్లను ఇంటికి చేర్చడమే కదా మన పని అన్నాడు.

పాలమూరులోని ఆ స్త్రీల ఆశ్రయానికి దెబ్బలు తిన్నవాళ్లు, వెళ్లగొట్టబడ్డవాళ్లు వచ్చేవారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండటం సుగుణమ్మ పని. వాళ్లు చెప్పేదాకా ఆగాలి, చెప్పినప్పుడు వినాలి. ఆ పనికి ఒక పేరంటూ లేదు. పొద్దంతా ఏం చేస్తావో కంటికి కనబడదని వెంకటరాజం అనేవాడు. ఇంట్లో భర్త రామచంద్రం, తాలూకా కచేరీలో గుమస్తా, అన్నం కలుపుకుంటూ నవ్వేవాడు: "ఆడోళ్లతోని కూసొని ముచ్చట్లు పెట్టుడు గూడ నౌకరీయేనా?" ఆ అన్నం చీకటితో లేచి ఆమె వండిందే. నీళ్లు తోడి, ఇల్లు ఊడ్చి, ఆయన చొక్కా ఉతికి ఆరేసి, అప్పుడు వచ్చేది ముచ్చట్లు పెట్టడానికి. చూపించడానికి ఆమె దగ్గరేముంది? చీరె నేసినవాడికి చీరె ఉంటుంది. ఒక మనిషి భయం కొంచెం తగ్గితే దాన్ని మడతపెట్టి ఎవరికి చూపించగలదు? రాజీ చేసి పంపినవాళ్లు మళ్లీ వస్తే మాత్రం అందరికీ కనబడేది. సోమమ్మ అట్లాగే పోయి, మణికట్టు విరిగి వచ్చింది. మళ్లీ వచ్చినవాళ్లు మొదటిసారి చెప్పినంత కూడా చెప్పరు. తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు.

ఆండాళు వచ్చిన కొత్తలో నోరు విప్పలేదు. వెనక రేకుల కొట్టంలో ఆడవాళ్లకు నేత నేర్పడానికి, నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసే ఒక గుంత మగ్గం ఉంది, అయిలేశం అనే ముసలాయన వచ్చి నేసి చూపించేవాడు. ఒకనాడు ఆయన మంచినీళ్లు తాగడానికి లేచాడు. పక్కన కండెలకు నూలు చుడుతున్న ఆండాళు చేతిలోది పారేసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని గోడకు ఒదిగిపోయింది. నేత నేసే సాలోళ్లింటి పిల్ల, మొగడు మగ్గం దగ్గరే కొట్టి ఉంటాడు, ఆ చప్పుడు వింటే అదంతా మళ్లీ కళ్లముందుకు వస్తున్నదనుకుంది సుగుణమ్మ. కొన్నాళ్లు మగ్గం ఆపమని అయిలేశాన్ని బతిమాలింది. కొట్టంలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆండాళు స్థితి ఇంకా చెడింది. కూడు ముట్టదు, పండుకోదు, గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడుతుంది. నా చేతికి అప్పజెప్పిన పిల్ల నా కళ్లముందే పోతున్నదన్న దిగులుతో సుగుణమ్మ ఇంటికి పోయి ఉప్పు లేకుండా పప్పు వండింది, దానికీ మాట పడింది.

చివరకు పని లేక విసిగిన అయిలేశం ఒక పొద్దున చెప్పకుండా వచ్చి మగ్గంలో కూర్చున్నాడు. టకటకమని పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడటం మొదలైంది. వద్దని చెప్పడానికి పరుగున పోయిన సుగుణమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. చాటలో బియ్యం ముందు పెట్టుకుని, గోడకు ఆనుకుని, ఆండాళు నిద్రపోతున్నది. చంటిపిల్లలా నోరు తెరుచుకుని పోతున్నది నిద్ర.

ఆ రోజు సుగుణమ్మ పక్కన కూర్చుని ఆ బియ్యమే ఏరింది. మర్నాడూ ఏరింది. రాళ్లు లేని బియ్యాన్ని మళ్లీ మళ్లీ ఏరుతుంటే ఆండాళే, చాటవైపు చూస్తూ, మెల్లగా చెప్పింది.

"మగ్గం ఆడినంతసేపు ఫికరు లేదక్కా. మా ఆయన చేతులు రెండూ అండ్లనే ఉంటయి. ఆగిందంటేనే..."

అంతే చెప్పింది. మిగిలింది కొంచెం కొంచెంగా వచ్చింది. పోగు తెగితే మగ్గం ఆగుతుంది. పోగు తెగిందంటే నూలు చుట్టినదాని తప్పు, గంజి పెట్టినదాని తప్పు. కండె అయిపోయి ఆయన వెనక్కి చెయ్యి చాపేటప్పటికి ఇంకో కండె ఆ చేతిలో ఉండాలి, లేకుంటే ఆ చెయ్యే లేస్తుంది. పొయ్యిమీద అన్నం మాడుతున్నా ఆ చేతినే చూస్తూ కూర్చోవాలి. చీరె అంగడికి పోయినప్పుడు మాత్రం అది భిక్షపతి నేసిన చీరె. నేనూ నేస్తానని పెండ్లయిన కొత్తలో అడిగితే, ఆడది గుంతలో కాళ్లు పెడితే ఇంట్లో మొగోడెందుకని అత్త అడిగిందట.

సుగుణమ్మ చాలాసేపు ఆలోచించింది. తాను చదువుకున్న నాలుగు పుస్తకాల్లో దీనికి మందు లేదు. అయిలేశంతో మాట్లాడింది. ఆయన గడ్డం గోక్కుని, "కూసో బిడ్డా, నేను పక్కకుంట" అని లేచాడు. ఆండాళు గుంతలో కాళ్లు పెట్టింది. నేసింది. అప్పుడు సుగుణమ్మ అన్నది, "ఇగ నువ్వే ఆపు."

ఆపింది. ఆపగానే భుజాలు చెవులదాకా లేచాయి. ఏమీ కాలేదు. బయట ఎవరో బకెట్లో నీళ్లు పోసుకుంటున్నారు. మళ్లీ నేసింది, మళ్లీ ఆపింది. రోజూ అదే పని. వెంకటరాజం ఒకసారి వచ్చి చూసి, నేసేదానికంటే ఆపేదే ఎక్కువున్నదే, గిట్ల నేస్తే తువ్వాల గూడ తయారు గాదని ఎకసెక్కెమాడాడు. భుజాలు కిందికి దిగటానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. గద్వాలలో నేతగాళ్ల సంఘం వాళ్లు నేర్పేటందుకు ఒక ఆడమనిషి కావాలంటున్నారని సుగుణమ్మ చెప్పినప్పుడు మాత్రం ఆండాళు తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు, సంచి సర్దడం కాకముందే, భిక్షపతి రానే వచ్చాడు.

మల్లెపూల పొట్లంతో వచ్చాడు. మాట నెమ్మది. సుగుణమ్మకు దండం పెట్టి, ఇక చెయ్యి లేపనని ప్రమాణం చేశాడు. ఆ ఊపులోనే ఇంకో మాటా అన్నాడు, పెండ్లిళ్ల దినాలొచ్చినయి, కండెలు చుట్టేటోళ్లు లేక మగ్గం పండుకున్నదని. పక్కనే ఉన్న వెంకటరాజం ఆ మాట వినలేదో, విన్నా అందులో ఏమీ కనబడలేదో. ముగ్గురూ కొట్టం దగ్గరకు పోయారు. ఆండాళు మగ్గంలో ఉంది, అయిలేశం పక్కన కూర్చుని ఉన్నాడు. గుంతలో కాళ్లు చూసి భిక్షపతి పకపకా నవ్వాడు.

"మంచిగున్నది. ఇగ నేను కండెలు చుట్టాలె గావచ్చు."

ఆండాళు మగ్గం ఆపింది.

సుగుణమ్మ ఆమె ముఖం చూడలేదు, భుజాలు చూసింది. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆండాళు పక్కనున్న చెంబెత్తి నీళ్లు తాగింది. పైటకొంగుతో మూతి తుడుచుకుంది. తొందర లేదు.

"నేను రాను" అన్నది. "గద్వాల పోత."

భిక్షపతి వెంకటరాజం వైపు చూశాడు. వెంకటరాజం సుగుణమ్మ వైపు చూసి, "ఈ మాటలు నేర్పింది నువ్వేనా?" అన్నాడు.

"ఎవ్వలు నేర్పలే సారూ" ఆండాళే చెప్పింది. "అక్క పక్కకు కూసున్నది. నాకు నోరొచ్చింది. గంతే."

భిక్షపతి ఒక అడుగు ముందుకు వేశాడు. అయిలేశం లేచి నిలబడ్డాడు. అక్కడితో అయిపోయింది, అంత భయపడిన గడియ అంత చిన్నగా అయిపోయింది. భిక్షపతి పూల పొట్లం అక్కడే పారేసి పోయాడు. సుగుణమ్మ కొట్టం గడపమీద కూలబడి, కళ్లనీళ్లు కారుతుండగా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతే రామచంద్రం ఎప్పటిలాగే అడిగాడు, ఇయ్యాళ ఏం చేసినవని.

"ఏం చెయ్యలే. కూసున్న" అన్నది. "అలసిపోయిన. ఇయ్యాళ అన్నం మీరు వండుండ్రి." ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి, పొయ్యి దగ్గరకు పోయాడు.

వారంలోనే ఆండాళును కర్నూలు బండి ఎక్కించింది. గద్వాలలో దిగాలని తోటివాళ్లకు చెప్పింది, మళ్లీ చెప్పింది. బండి కదిలాక బాధ తన్నుకొచ్చింది, ఆ పిల్లను ఇక చూడనేమోనని. చూడకపోతేనే, ఆశ్రయానికి మళ్లీ వచ్చే అవసరం పడకపోతేనే మంచిదని అప్పుడే తోచింది. ఆ తర్వాత చాలాకాలం ఆశ్రయం గేటు చప్పుడైనప్పుడల్లా చేతిలో పని వదిలి చూసేది. ఎవరెవరో వచ్చారు. సోమమ్మ మళ్లీ వచ్చింది.

పంతొమ్మిది వందల అరవై ఒకటి ఫిబ్రవరిలో పోయిన ఆండాళు మాత్రం తిరిగి రాలేదు.