నాన్న పెట్టిన తప్పులు

బోర్డులు రాసే పెయింటర్‌కి ఒక గర్వం ఉండేది. పాతబడిన దుకాణం బోర్డు మీద ఒక అక్షరం పెచ్చులూడిపోతే, దాని చోట కొత్త అక్షరం రాసి, అది పక్క అక్షరంతో పాటే పుట్టిందని చూసేవాళ్లని నమ్మించగలడు. రంగు వెలిసినట్టు, అంచు అరిగినట్టు, మొదట రాసినవాడి చెయ్యి కాస్త వణికి ఉంటే ఆ వణుకుతో సహా దించేసేవాడు. ఆ గర్వం దుకాణాల దగ్గరే ఆగి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేకపోయేది. అది ఇంట్లోకి కూడా వచ్చి, మూడో తరగతి చదివే కూతురి హోంవర్కు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

ఆ కూతుర్ని ఇంట్లో బుల్లెమ్మ అంటారు. వాళ్ల బళ్లో సోమవారం సోమవారం ఒక కాగితాల కట్ట ఇచ్చి పంపేవారు. లెక్కలు, చేతిరాత, చదివి జవాబులు రాసేవి, అన్నీ కలిపి వారానికి సరిపడా. రోజుకో కాగితం చేసుకుంటూ పోయి మళ్లీ సోమవారం తిరిగిచ్చెయ్యాలి. ఆస్పత్రిలో నర్సుగా చేసే తల్లికి ఈ పద్ధతి తెగ నచ్చింది. రోజూ రాత్రి భోజనానికి ముందు ఒక కాగితం అని, మందుచీటీ రాసినట్టు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అంటించి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లిపోయేది. ఆవిడ తిరిగొచ్చేసరికి బుల్లెమ్మ నిద్రపోయి ఉండేది కాబట్టి, మందు వేసే పూచీ తండ్రిది.

ఈ తండ్రి ఎలాంటివాడంటే, రోగితో కుమ్మక్కై మందు పారబోసే రకం. సోమవారం, కట్ట ఇప్పుడే కదా వచ్చింది అనేవాడు. మంగళవారం పిల్ల అలిసిపోయింది పాపం. బుధవారం తను అలిసిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి డబ్బాల అడుగున మిగిలిన రంగులతో వెనక గోడ మీద ఏనుగు వేసేవారు, ఏనుగుకి తోక చాల్లేదని మళ్లీ వేసేవారు. ఆదివారం సాయంత్రానికి కట్ట కట్టలాగే ఉండేది, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి, తండ్రికి కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఇలా జరిగిన మొదటిసారి మాత్రం పిల్లకి నిజంగానే జ్వరం. వారమంతా ఏం చేశారని భార్య నిలదీస్తుందన్న భయంతో పెన్సిలు తీసుకుని తనే రాయడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక సరదా పుట్టింది. బుల్లెమ్మ రాసే ఆరు అంకె వెనక్కి వాలి, బొజ్జ ముందుకు పెట్టుకుని కూర్చుంటుంది. అచ్చం అలాగే కూర్చోబెట్టాడు. అక్కడక్కడా గట్టిగా నొక్కి రాసి, చెరిపి, చెరిపిన చోట వేలితో మరక చేశాడు. అన్నీ ఒప్పులే రాస్తే టీచరుకి అనుమానం రాదూ? తీసివేతలో బుల్లెమ్మది ఒక ఆస్థాన తప్పు ఉండేది. పై అంకె చిన్నదైతే పక్క అంకె నుంచి తెచ్చుకోవాలని మర్చిపోయి, కింద ఉన్నదాంట్లోంచే పైదాన్ని తీసేసేది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది పోతే ఇరవై ఆరు అనేది. లెక్కల కాగితంలో ఒకటి రెండు చోట్ల ఆ తప్పు కూడా పెట్టాడు. పెట్టి, కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, బోర్డు చూసుకున్నట్టు తల పక్కకి వంచి చూసి మురిసిపోయాడు.

జ్వరం తగ్గింది కానీ అలవాటు తగ్గలేదు. ఆదివారం సాయంత్రాలు తండ్రి రాసేవాడు, కూతురు పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కిపెట్టేది. అమ్మకి చెప్పకూడదన్న ఒప్పందం నోరు విప్పకుండానే కుదిరిపోయింది. ఒకరోజు బుల్లెమ్మ, ఇక్కడ తప్పెందుకు పెడుతున్నావు నాన్నా అని అడిగింది. నువ్వు చేసినట్టు కనపడాలి కదమ్మా అన్నాడు. అతను నవ్వుతూ అన్నాడు. ఆ పిల్ల మాత్రం నవ్వకుండా బుర్ర ఊపింది.

ఇలా నడుస్తుండగా బళ్లోంచి కబురొచ్చింది, తల్లిదండ్రులిద్దరూ ఒకసారి రమ్మని. తల్లి డ్యూటీ మార్చుకుంది. తండ్రి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అతనికి లోపల భయం లేకపోలేదు గానీ, ఆ భయం పక్కన ఒక ఆశ కూడా ఉంది. ప్రతి టర్ములోనూ మూడో తరగతి నుంచి ఒకరిని ఎంచి, నీలం బ్యాడ్జీ పెట్టి, రెండో తరగతి పిల్లలకి తీసివేతలు నేర్పడానికి పంపుతారు. వాళ్లని 'చిన్న టీచరు' అంటారు. బుల్లెమ్మ కొన్నాళ్లుగా లేస్తే అదే మాట, కూర్చుంటే అదే మాట. తండ్రి అప్పుడే ఒక చిన్న చెక్క ముక్క మీద 'చిన్న టీచరుగారు ఉన్నారు' అని రాసి, గది తలుపుకి తగిలించడానికి సిద్ధంగా పెట్టాడు కూడా.

తరగతి గదిలో కుర్చీలు పిల్లల కొలతవి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు పెయింటర్. టీచరు లెక్కల కాగితాలు బల్ల మీద పరిచింది. అతని చేతిపనంతా అక్కడ వరుసగా ఉంది.

"క్లాసులో తను తీసివేతలు నేర్చుకుని చాలా రోజులైందండీ," అంది టీచరు. "పక్కన కూర్చునే పిల్లకి తనే నేర్పింది కూడా. హోంవర్కులో మాత్రం పాత తప్పే వస్తుంటే, తొందరలో చేస్తోందేమో అనుకున్నాను. ఈమధ్య క్లాసులోనూ అదే తప్పు చేస్తోంది. వచ్చిన లెక్క పిల్లలు ఇలా మర్చిపోరు. ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

పెయింటర్‌ బల్ల మీది కాగితాల వంక చూశాడు. పిల్ల ఎప్పుడో నేర్చేసుకుంది. అతనికి ఆ సంగతే తెలియదు. తెలిసేందుకు, ఆ జ్వరం తర్వాత ఆ పిల్ల లెక్క చేస్తుంటే అతను చూసిందెప్పుడు? బోర్డు ఎప్పుడో కొత్త రంగు వేసుకుని కూర్చుంటే, తనింకా పాత పెచ్చులకి సరిపోయే రంగు కలుపుతూనే ఉన్నాడు. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు. అంతలో భార్య మాట్లాడేసింది.

తప్పంతా తనదే అంది ఆవిడ. డ్యూటీలతో పిల్లని పట్టించుకోవడం లేదంది. పాపం ఆయన పనంతా చేసుకొచ్చి కూడా ప్రతి ఆదివారం పిల్లతో కూర్చుంటారండీ, ఆయన్ని అనడానికేం లేదు, తల్లినై ఉండి నేనే అంటూ పైట చెంగుతో కళ్లొత్తుకుంది. పక్కన కూర్చున్న మొగుడు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు. ఆ పొగడ్త వింటుంటే అతనికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

టీచరు బుల్లెమ్మని లోపలికి పిలిచి చేతికి సుద్దముక్క ఇచ్చింది. బోర్డు మీద యాభై రెండు, దాని కింద ముప్పై ఎనిమిది. బుల్లెమ్మ లెక్క వంక చూడలేదు. తండ్రి వంక చూసింది. ఆ తర్వాత తిరిగి, ఇరవై ఆరు అని రాసింది.

ఆరు అంకె వెనక్కి వాలి, బొజ్జ ముందుకు పెట్టుకుని కూర్చుంది. అతను గీసే ఆరే అది. అక్షరాలతో బతికేవాడికి ఒకటి తెలుస్తుంది: సొంత గీత చకచకా వచ్చేస్తుంది, చూసి దించే గీత నెమ్మదిగా, ఆచితూచి వస్తుంది. బుల్లెమ్మ ఆ ఆరుని చూసి దించినంత నెమ్మదిగా రాసింది. తన హోంవర్కుకీ క్లాసుకీ తేడా వస్తే నాన్న దొరికిపోతాడని, ఆ పిల్ల నాన్న పెట్టే తప్పులు నేర్చుకుంది. అదంతా ఒక్కసారిగా అర్థమై అతనికి తల తీసేసినట్టయింది.

సాయంత్రాలు కొన్నాళ్లు బడి అయ్యాక పిల్లని ఉంచితే తనే మళ్లీ నేర్పుతానంది టీచరు. నీలం బ్యాడ్జీ ఆ పొద్దునే పక్కపిల్లకి ఇచ్చేశానని కూడా చెప్పింది. బుల్లెమ్మ సరేనన్నట్టు తలూపి, చేతికంటిన సుద్ద గౌనుకి తుడుచుకుంది. తండ్రి అప్పుడు కూడా మాట్లాడలేదు. ముగ్గురూ నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు.

వరండాలో తల్లి మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. బుల్లెమ్మ తండ్రి చెయ్యి పట్టి కిందికి లాగింది. అతను వంగాడు. పిల్ల అతని చెవి దగ్గర నోరు పెట్టి, ధైర్యం చెబుతున్నట్టు, గుసగుసగా అంది.

"టీచరుకి తెలీలేదులే నాన్నా."

ఎనిమిదేళ్ల పిల్ల తనని ఓదారుస్తోంది. అతని జన్మలో అంత సిగ్గుపడిన క్షణం లేదు. కూతురి బ్యాడ్జీ పోయింది, భార్య చెయ్యని తప్పుకి ఏడ్చింది, తను మాత్రం ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. భార్యని పిలిచాడు. కూతురి చెయ్యి వదలకుండా మళ్లీ ఆ గదిలోకి నడిచాడు.

"ఆ కాగితాలు నేనే రాశానండీ," అన్నాడు టీచరుతో. "అందులో తప్పులు కూడా నేనే పెట్టాను. ఇప్పుడు బోర్డు మీద ఉన్నది కూడా నా తప్పే. దానికి లెక్క వచ్చు."

భార్య మొహం వైపు చూసే ధైర్యం లేక బోర్డు వైపు చూశాడు. టీచరు తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిడ బోర్డు తుడిచి అవే అంకెలు మళ్లీ వేసి, సుద్దముక్క ఇచ్చింది. బుల్లెమ్మ మళ్లీ తండ్రి వంక చూసింది, రాయొచ్చా అన్నట్టు. అతను తలూపాక పద్నాలుగు అని చటుక్కున రాసేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

బ్యాడ్జీ మాత్రం తిరిగి రాలేదు. ఒకసారి ఇచ్చినదాన్ని ఇంకో పిల్ల దగ్గర్నుంచి ఎలా లాక్కుంటానండీ, వచ్చే టర్ముకి చూద్దాం అంది టీచరు. అది న్యాయమే. బుల్లెమ్మ ఏడవలేదు. ఆ పిల్లకి బాగానే వచ్చు, నేనే నేర్పాను అని మాత్రం అంది.

దారి పొడుగునా భార్య వాళ్లిద్దరికంటే నాలుగడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, అప్పుడంది. "నేను ఇంట్లో ఉండట్లేదని అక్కడ ఏడ్చాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు." అంతే. గట్టిగా కూడా అనలేదు. ఆ రాత్రి చెక్క బోర్డుని తీసి, రంగు డబ్బాల వెనక, తన కంటికి కూడా కనపడనంత లోపలికి తోసేశాడు.

తర్వాతి సోమవారం కొత్త కట్ట వచ్చింది. తల్లి ఆ రోజు సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉంది. భోజనానికి ముందు బుల్లెమ్మ బల్ల దగ్గర కూర్చుని లెక్కల కాగితం తీసింది. ఎదురుగా తండ్రి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఎక్కడ పెన్సిలు పట్టుకుంటాయోనని. కూతురు లెక్క చేస్తుంటే చూడటం అతనికి కొత్త. నాలిక చివర పెదవి పక్కన కనపడుతోంది. పక్క అంకె నుంచి తెచ్చుకున్న ప్రతిసారీ దాని నెత్తిన చిన్న గీత గీస్తోంది. ఆ గీత అతను పెట్టిన ఏ కాగితంలోనూ లేదు. ఆరు అంకె ఇప్పుడు వెనక్కి వాలడం మానేసి నిటారుగా నిలబడుతోంది. ఎప్పటి నుంచి నిలబడుతోందో అతనికి తెలియదు.

అన్నీ చేసింది. అన్నీ ఒప్పులే. చేసి, కాగితం తండ్రి ముందుకి జరిపింది.

"ఇందులో తప్పు ఎక్కడ పెట్టను నాన్నా?"

వంటింటి గుమ్మంలో భార్య చెయ్యి తుడుచుకుంటున్నది ఆగిపోయింది. అతను కాగితాన్ని మళ్లీ కూతురి ముందుకే జరిపాడు. "ఎక్కడా పెట్టక్కర్లేదమ్మా. అలాగే ఇచ్చెయ్."

బుల్లెమ్మ అతని మొహంలోకి చూసింది. నమ్మినట్టు లేదు. మెల్లగా తల తిప్పి గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూసింది. తల్లి అవునన్నట్టు తలూపింది. అప్పుడు గానీ ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకోలేదు.