ఆదివారపు వెలుతురు

గిన్నెలు తోముతున్న లేయా చెయ్యి ఆగిపోయింది. అరుగు మీద భర్త పాల్ రాజు తల్లితో అంటున్నాడు: "కాలవ పక్క వరసంతా మామిడి పూత నల్లబడిపోయిందమ్మా. తేనెమంచు పురుగు. వారం ముందు తెలిసినా మందు కొట్టేవాణ్ణి."

ఆమెకి పది రోజుల ముందే తెలుసు.

ఆ ఆదివారం తలనొప్పని చెప్పి చర్చి ఎగ్గొట్టింది. ఇంటిల్లిపాదీ ఆరాధనకి వెళ్తే ఆ రెండు గంటలూ కాఫీ అని, టవలని, బాక్సని పిలిచేవాళ్ళుండరు. తమ్ముడిచ్చిన పాత కెమెరాకి లెన్సు తిరగేసి బిగించి తోటలోకి పరిగెత్తింది. లెన్సు అలా తిరగేస్తే గింజంత పురుగూ తెరంతా నిండుతుంది. వెలుతురు దగ్గరే వస్తుంది తంటా. ఎండలో తీస్తే పురుగు సగం నీడలో. రింగ్ లైటు పెడితే పురుగు కంట్లో గుండ్రటి మెరుపు. ఫ్లాష్ కొడితే ఫొటోలో రెక్క తెల్లగా వెలిసిపోయేది. బేకరీ డబ్బాలోని బటర్ పేపరూ అడ్డుపెట్టి చూసింది. ఆఖరికి ఇంటికి పరిగెత్తి, పెట్టె అడుగునున్న తన పెళ్ళి ముసుగులోంచి జానెడు కత్తిరించి తెచ్చి, రెండు మడతలు ఫ్లాష్‌కి చుట్టింది. అప్పుడొచ్చింది, మబ్బు పట్టిన పొద్దులాంటి మెత్తటి వెలుతురు. రెక్క మీది ఈనెలు లెక్కపెట్టొచ్చు! పూగుత్తినిండా పిల్ల పురుగులు కిటకిటలాడుతుంటే ఆమె గుండె సంతోషంతో కొట్టుకుంది. అవి పూత రసం పీల్చేస్తున్నాయన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. తట్టాక చెప్పాలంటే తలనొప్పి అబద్ధమని ఒప్పుకోవాలి. "పిల్లల ఫొటోలు తియ్యరాదూ, పురుగులవేంటే?" అని భర్త నవ్విన నవ్వు, "పనిలేనమ్మ కొలువు" అన్న అత్తగారి మాట గుర్తొచ్చి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఏడాది కష్టం మసిబారింది. అది తన వల్లే.

తడి చేతులు తుడుచుకుని, కెమెరా తెచ్చి, ఆ ఫొటో తెరిచి భర్త ముందు పెట్టింది.

పాల్ రాజు కళ్ళు చిట్లించి చూశాడు. "ఇంత బాగా కనపడుతున్నాయే! ఎప్పుడు తీశావు?"

నిన్న అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా.

"పోయిన ఆదివారం కాదండీ, దాని ముందుది. మీరంతా చర్చికెళ్ళాక. తలనొప్పి అబద్ధం."

"దేవుడి పూట దొంగిలించావా!" అంది అత్తగారు మగ్దలేనమ్మ.

"దొంగతనమే అత్తయ్యా. చూసి చెప్పకపోవడం అంతకన్నా తప్పు." లేయా కెమెరా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇక దొంగిలించను. రేపట్నుంచి రోజూ పొద్దున్నే ప్రతి వరసా నేనే చూసి చెప్తాను. ఆ పూట టిఫినూ పిల్లల బాక్సులూ మీరిద్దరూ చూసుకోండి."