పెండింగు లేని బల్ల

నూలు మిల్లు వెనక పెద్దాస్పత్రివాళ్లు కట్టిన క్లినిక్కుకి పద్నాలుగు నెలలుగా తాళం. గదులున్నాయి, మంచాలున్నాయి, నర్సుంది. లైసెన్సు లేదు. ఆ గేటు ముందు ఒక మిల్లు కార్మికుడు కాలి పుండుకి పాతగుడ్డ చుట్టుకుని బస్సు కోసం కూర్చునేవాడు. కట్టు మార్చుకోవాలంటే పెద్దాస్పత్రికి మూడు గంటల ప్రయాణం. రోజూ వెళ్తే పని పోతుంది, వెళ్లకపోతే కాలు పోతుంది. నేను స్కూటరు మీద ఆఫీసుకి పోతూ అతన్ని చూసి జాలిపడేవాణ్ణి. జాలిపడటానికి స్కూటరు ఆపక్కర్లేదు.

ఆ లైసెన్సు ఫైలు చూసే గుమాస్తాని నేనే.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఫైల్లో పదకొండు లోపాలు కనబడితే ఒక్కటే రాసి వెనక్కి పంపాలి. అది సరిచేసి తెస్తే అప్పుడు రెండోది. వెనక్కి పంపిన ఫైలు పెండింగు కింద రాదు. అందుకే నా బల్ల ఎప్పుడూ ఖాళీ. దానికి నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించి, చుట్టాలు కూర్చునే సోఫాకి ఎదురుగా తగిలించింది.

ఆ ఫ్రేము తుడిచేది మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె. పుండు కాలు ఆమె భర్తది. ఓ రోజు ఫైలు ఎక్కడుందని అడిగింది. నా దగ్గర లేదమ్మా అన్నాను. అబద్ధం కాదు. చేతులు కడుక్కునే సింకు తలుపుకి దూరంగా ఉందని రాసి ముందురోజే పంపేశాను. నిజం చెప్పానన్న తృప్తితో ఇంకో కాఫీ అడిగి తాగాను.

వారం తర్వాత ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

మిల్లువాళ్లు మీటింగు పెట్టుకున్నారట. ఇంకో అర్జీ ఇద్దామని ఎవరో అంటే మిగతావాళ్లు నవ్వారట. గిన్నెలు తోమే ఆమె లేచి, "కాగితమిస్తే కాగితమే ఇస్తున్నారు. పుళ్లు తీసుకెళ్లి చూపిద్దాం" అందట.

మర్నాడు డెబ్బై మంది మా ఆఫీసు వరండాలో కూర్చున్నారు. నర్సు పెట్టె తెరిచి కట్లు మార్చడం మొదలుపెట్టింది. మావాళ్లు ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. నాదైతే సెంటు రాసిన రుమాలు.

లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారంటూ నోటీసు కొట్టమన్నాడు ఆఫీసరు. కొట్టాను. వరండాలో సింకు లేదు, దారి ఇరుకు, వెలుతురు చాలదు, ఇలా లోపాలన్నీ ఒకే కాగితం మీద. సంతకంతో, ముద్రతో సహా అందించాను.

నర్సు అది చదివి గోడ గడియారం చూసింది. "పన్నెండు నిమిషాలు. అయితే మీకు చేతకాక కాదన్నమాట."

గిన్నెలు తోమే ఆమె నావైపు తిరిగింది. "అన్నీ ఒక్కసారే రాయడం వచ్చా సార్ మీకు?"

గొంతు పెంచలేదు. మా ఇంట్లో చీపురు ఎక్కడుందని అడిగినట్టే అడిగింది. నేను రుమాలు మడతపెట్టుకున్నాను.

పోలీసులొచ్చి నర్సుని జీపెక్కించారు. నర్సు తన మందుల పెట్టె గిన్నెలు తోమే ఆవిడ చేతిలో పెట్టి వెళ్లింది.

మర్నాడు రెండింతల మంది వచ్చారు. నెలల తరబడి భర్త కాలికి కట్టిన చేతులతో ఆవిడే కట్లు కడుతోంది. ఆఫీసరు మళ్లీ నోటీసు కొట్టమన్నాడు. సింకు జరిపి తెచ్చిన క్లినిక్కు ఫైలు నా ముందుంది. నోటీసు కొట్టకుండా అందులో రాశాను: "లోపాలన్నీ మొదటిరోజే కనిపించాయి. ఒక్కోటీ దాచి తిప్పాను. మిగిలినవి నాలుగు." సంతకం పెట్టి, ఆ నాలుగూ వరండాలోకి వెళ్లి చదివాను. ధైర్యం కాదు, కుర్చీలో కూర్చోలేకపోయాను.

"నాలుగేనా? సాయంత్రానికి అయిపోతాయి" అంటూ ఓ తాపీమేస్త్రీ నలుగుర్ని లేపి తీసుకెళ్లాడు. లైసెన్సు చేతికొచ్చేదాకా కదిలేది లేదన్నారు మిగతావాళ్లు.

నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కాసేపు చూశాను కూడా.

"కాస్త జరగండి సార్" అంది ఆవిడ. "అక్కడ మా ఆయన కాలు పెట్టుకోవాలి."

జరిగాను. గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. ఆఫీసరు నా పేరు పెట్టి పిలిచాడు. పన్నెండేళ్ల అలవాటు, లేవబోయాను. పక్కనున్న ముసలాయన నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కూర్చో తమ్ముడూ. ఇవాళ ఎవరమూ లేవడం లేదు."